రెండో శనివారం

మా అబ్బాయి నాలుగో తరగతి చదువుతున్న రోజులవి. 2009వ సంవత్సరం. బడిలో తెలుగు టీచరుగారు పిల్లలందరికీ ఒక వ్యాసం ఇచ్చారు. ‘మీ అమ్మానాన్నలతో కలిసి వెళ్లి చూసి వచ్చిన ఒక చోటును గురించి పది వాక్యాలు రాయండి’ అన్నారు. ఒకరు హైదరాబాదు జూ గురించి రాశారు, మరొకరు నాగార్జునసాగర్ గురించి రాశారు. మావాడు రాసినది ఒక సమాధి కార్యక్రమాన్ని గురించి.

‘నాన్న, అమ్మ, చెల్లి, నేను ఆటోలో వెళ్లాము. అక్కడ పెద్ద చింతచెట్టు ఉంది. పెట్టెను గుంటలోకి దించారు. నాన్న ప్రార్థన చేశారు. తర్వాత టీ ఇచ్చారు. నేను రెండు బిస్కెట్లు తిన్నాను. నాకు చాలా ఆనందం కలిగింది.’ ఇలా సాగింది ఆ వ్యాసం.

టీచరుగారు మా ఇంటావిడను పిలిచి నోటుపుస్తకం చూపించారట. అక్కడ ఇద్దరూ నవ్వుకున్నారట. ఇంటికి వచ్చిన తరువాత మాత్రం ఆమె నవ్వలేదు. ఆ పుస్తకాన్ని తెరిచి, మేము ప్రసంగం సిద్ధపడే బల్ల మీద, సరిగ్గా బైబిలు పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఒక్క మాట కూడా అనలేదు.

మేము ఒంగోలులో సంఘ పరిచర్యకు వచ్చి అప్పటికి తొమ్మిదేళ్లు. సోమవారం గృహ దర్శనాలు, మంగళవారం స్త్రీల సమాజం, బుధవారం బైబిలు స్టడీ, శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం ప్రసంగ సిద్ధపాటు. మధ్యలో పెళ్లిళ్లు, పుట్టినరోజు ప్రార్థనలు, ఆసుపత్రులు. సంఘంలో ఎవరి పిల్లవాడు ఏ కాలేజీలో చదువుతున్నాడో, ఎవరి ఇంట్లో ఎన్ని బర్రెలు ఉన్నాయో మాకు తెలుసు. మా సొంత పిల్లవాడికి మాత్రం మాతో కలిసి వెళ్లిన చోటు అంటే శ్మశానమే గుర్తుకు వచ్చింది. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. ఆనాటివరకూ దానిని మేము ఒక లోపంగా చూడలేదు. త్యాగం అనుకున్నాము. సెమినరీలో నాలుగు సంవత్సరాలు చదివి, క్రమబద్ధ వేదాంతం పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకున్నవారికి కూడా త్యాగానికీ నిర్లక్ష్యానికీ తేడా వెంటనే తెలియదు.

ఆ వారం మేము లేవీయకాండము 23వ అధ్యాయం తీశాము. పర్ణశాలల పండుగ గురించి ఎన్నోసార్లు బోధించాము. అరణ్యయాత్రకు అది గుర్తు అని, రాబోయే మహిమకు ఛాయ అని చెప్పాము. అన్నీ నిజమే. అయితే ఆ రాత్రి చదివినప్పుడు, దేవుడు చెప్పిన పని ఎంత మామూలు పనో మొదటిసారి కనబడింది. ఇల్లు విడిచి బయటకు రండి, ఈత మట్టలు, గుబురు కొమ్మలు తెచ్చి పందిళ్లు వేసుకోండి, ఏడు దినాలు వాటిలో ఉండండి, నా సన్నిధిని సంతోషించండి అన్నాడు. ద్వితీయోపదేశకాండము 16వ అధ్యాయంలో ఆ సంతోషంలో ఎవరెవరు ఉండాలో కూడా ఉంది. కొడుకు, కూతురు, పనివాడు, పనికత్తె, లేవీయుడు, పరదేశి, తండ్రి లేనివాడు, విధవరాలు. చూడండి, లేవీయుడు కూడా ఉన్నాడు! అతడు పరిచర్య చేసేవాడు. అందరూ పందిళ్లలో సంతోషిస్తుంటే తాను మాత్రం లెక్కలు చూసుకుంటూ ఇంట్లో కూర్చోమని అతనికి దేవుడు సెలవివ్వలేదు. నెహెమ్యా 8వ అధ్యాయం ప్రకారం, యెహోషువ దినాలు మొదలుకొని ఇశ్రాయేలీయులు ఆ రీతిగా పందిళ్లు వేసుకొని ఆ పండుగ చేయనేలేదు. బలులు ఆగలేదు, యాజకులు ఆగలేదు. పిల్లలతో కలిసి ఆకుల పందిట్లో కూర్చొని సంతోషించమన్న ఆజ్ఞ మాత్రం తరతరాలుగా పక్కన పడిపోయింది. కష్టమైన ఆజ్ఞలకంటే సులువైన ఆజ్ఞలే ముందుగా మరుగున పడతాయేమో!

మా ఇంట్లో ఒక నిర్ణయం జరిగింది. నెలకు ఒక దినం, రెండో శనివారం, బడికి సెలవు కాబట్టి, ఎక్కడికైనా వెళ్లాలి. ప్రసంగం శుక్రవారం రాత్రికే ముగించాలి. ఖర్చు రెండు వందలు దాటకూడదు. సాయంత్రానికి ఇల్లు చేరాలి. ఆదివారం జోలికి పోలేదు, అది ప్రభువుకూ సంఘానికీ చెందిన దినం.

మొదటిసారి కొత్తపట్నం వెళ్లాము. ఒంగోలువారికి సముద్రం అంటే కొత్తపట్నమే. బస్సు దిగి, పల్లెపాలెం మీదుగా ఒడ్డుకు చేరేసరికి తొమ్మిది గంటలు అయింది. వలలు ఆరబెట్టి ఉన్నాయి, పడవలు ఒడ్డుకు లాగి ఉన్నాయి. మా పాప అలలకు ఎదురు పరుగెత్తి, అల వస్తే కేకలు వేస్తూ వెనక్కి పరుగెత్తి, అదే పని వంద సార్లు చేసింది. 104వ కీర్తనలో సముద్రంలో ఆడుకోవడానికి దేవుడు మకరాలను చేశాడని ఉన్న వచనాన్ని అంతకుముందు మేము ఎన్నడూ పట్టించుకోలేదు. ఆడుకోవడానికి కూడా దేవుడు కొన్నింటిని చేశాడు.

పది గంటలకు ఫోన్ మోగింది. మా సంఘంలో ఒక పెద్దమనిషి. ఇల్లు కట్టుకోబోతున్నారు, పునాదిరాయి ప్రార్థన సోమవారానికి అనుకున్నది. ఊరినుండి బావగారు వచ్చారట, ఈ రోజే కానిచ్చేద్దాం, పన్నెండింటికి రండి అయ్యగారూ అన్నారు. అది చావు కాదు, జబ్బు కాదు. రాలేనని చెప్పవచ్చు. చెప్పలేదు. చెబితే ఆయన ఏమనుకుంటారో అన్న భయం తప్ప వేరే కారణం లేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాము. పిల్లలనూ వారి తల్లినీ ఒడ్డున వదిలి, ‘సాయంత్రం బస్సుకు వచ్చేయండి’ అని చెప్పి మేము వెళ్లిపోయాము. బస్సు కిటికీలోనుండి చూస్తే మా అబ్బాయి సముద్రంవైపు చూడడం లేదు, బస్సువైపు చూస్తున్నాడు.

ఆ రాత్రి మార్కు సువార్త 6వ అధ్యాయం చెప్పి మమ్మల్ని మేము సమర్థించుకున్నాము. ప్రభువు కూడా శిష్యులతో ఏకాంతముగా విశ్రాంతి తీసుకోవాలని దోనె ఎక్కాడు కదా, జనం కాలినడకన ముందే వచ్చి చేరారు కదా, ఆయన వారిని చూసి కనికరపడ్డాడు కదా, తన విశ్రాంతిని పక్కన పెట్టాడు కదా అన్నాము. మా ఇంటావిడ బియ్యం ఏరుతూ వింటున్నది.

“అంతా నిజమేనండీ. కానీ ఆయన శిష్యుల్ని ఒడ్డున వదిలేసి తాను ఒక్కడే వెళ్లలేదు గదా. వాళ్ల చేతనే వడ్డించాడు. మిగిలిన పన్నెండు గంపలు కూడా వాళ్లే ఎత్తారు.”

మేము జవాబు చెప్పలేదు. 31వ వచనంలో విశ్రాంతి తీసుకొమ్మని శిష్యులకు చెప్పిన చోట గ్రీకు మూలంలో ఉన్న క్రియే, మత్తయి 11వ అధ్యాయంలో ప్రయాసపడే వారికి ఆయన ఇస్తానన్న విశ్రాంతికి కూడా వాడబడింది. ఇది మేము క్లాసులో నేర్చుకున్నదే. అలసినవారందరికీ ఆ విశ్రాంతిని ప్రకటిస్తూ తిరిగినవారము. అది మన వంటింటి గడప లోపలికి రావాలని మాత్రం ఆవిడ చెప్పేవరకు తోచలేదు.

రెండో నెల దూరం వెళ్లలేదు. ఊళ్లోనే ఉన్న ప్రార్థన కొండ ఎక్కాము. ఆ కొండ కథ తెలుగు బాప్టిస్టులకు కొత్త కాదు. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున లైమన్ జూయెట్ దొరగారు, దొరసానిగారు, వారితో కొద్దిమంది తెలుగు విశ్వాసులు దాని మీద మోకరించి, ఈ ప్రాంతానికి ఒక దైవజనుణ్ణి పంపమని ప్రార్థించారు. నెల్లూరు మిషను అప్పటికి ఫలం కనబడక, మూసివేద్దామా అన్న చర్చల మధ్య ఉన్నది. ఆ ప్రార్థన తరువాత పన్నెండేళ్లకు, 1866లో, జాన్ క్లౌ దొరగారు ఒంగోలుకు వచ్చారు.

మేము కూడా చీకటితోనే బయలుదేరాము. ఫోన్ ఇంట్లో బీరువాలో పెట్టి తాళం వేశాము. పైకి ఎక్కేటప్పుడు జూయెట్ దొరగారి కథంతా పిల్లలకు చెప్పాము. పాప ఆవలించింది. మావాడు ఏమీ అడగలేదు. పైన కూర్చున్నాము. తూర్పున వెలుగు వచ్చింది. ఊరంతా కింద పరుచుకొని ఉంది. రైలు కూత వినబడింది. ఇడ్లీలు తిన్నాము. ఉపదేశం అయిపోయింది కాబట్టి మాకు మాట్లాడటానికి ఏమీ మిగలలేదు. దిగేటప్పుడు తల్లీ కూతురూ ముందు నడుస్తున్నారు, మేమిద్దరం వెనుక. అప్పుడు వాడు మా ముఖం చూడకుండా, దారి చూస్తూ అన్నాడు.

“నాన్నా, నేను పాస్టరుగారి అబ్బాయిని కాకపోతే బాగుండేది.”

ఎందుకని అడిగాము. వాడు ఒక్కొక్కటి చెప్పాడు. సండేస్కూల్లో కంఠతవాక్యం మరచిపోతే ‘పాస్టరుగారి అబ్బాయివి అయ్యుండి’ అంటారు. గోళీలు ఆడితే అదే మాట. ట్యూషన్లో లెక్క తప్పు చేసినా అదే మాట. ఒకసారి జ్వరంగా ఉండి గుడిలో నిద్రపోతే ఒక అమ్మగారు గిల్లి లేపారు. ‘నువ్వు ఇంట్లో ఉంటే చెబుదామనుకున్నా, నువ్వు ఉండవు, ఉంటే ఎవరో ఒకరు వస్తారు’ అన్నాడు. తొమ్మిదేళ్ల వాడు ఎన్నాళ్లనుండి ఆ మాటలు దాచుకున్నాడో!

బోధకులకు వెంటనే ఒక వాక్యం నోటికి వస్తుంది. ఆ రోజు రాలేదు, అది దేవుని కృపే. డబ్బాలో మిగిలిన ఒక ఇడ్లీ వాడికి ఇచ్చాము. సగం తుంచి మాకు పెట్టాడు. తరువాతి ఆదివారం సంఘపెద్దలను, సండేస్కూలు టీచర్లను కూర్చోబెట్టి, ఆ మాట మా పిల్లల దగ్గర ఇక ఎవరూ వాడవద్దని బతిమాలుకున్నాము. ఇద్దరు ముగ్గురికి కోపం వచ్చింది. రానిచ్చాము.

ఎదురెదురుగా కూర్చుంటే పిల్లలు చెప్పరు. అది విచారణలాగా ఉంటుంది. పక్కపక్కన నడుస్తుంటే చెబుతారు. లూకా 24వ అధ్యాయంలో ఎమ్మాయు దారి చూడండి. సుమారు 11 కిలోమీటర్ల నడక. ఇద్దరు నడుస్తూ దుఃఖం పంచుకుంటున్నారు, ప్రభువు వచ్చి వారితోపాటు నడిచాడు. ముందు ఆయన ప్రశ్న అడిగి విన్నాడు, తరువాతనే లేఖనాలు విప్పాడు. ఒకరి పేరు క్లెయొపా, రెండోవారి పేరు లూకా రాయలేదు. యోహాను 19వ అధ్యాయంలో సిలువ దగ్గర క్లోపా భార్య మరియ ఉన్నది కాబట్టి, ఆ ఇద్దరూ భార్యాభర్తలే అయ్యుంటారని కొందరు వ్యాఖ్యాతలు అంటారు. ఖాయంగా చెప్పలేము. కాని ఆ ఇంట్లోకి రమ్మని ఆయనను బలవంతపెట్టిన తీరు చూస్తే మాకూ అలాగే అనిపిస్తుంది.

మరొక రెండో శనివారం వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మకు వెళ్లాము. 1878 జూలై 3వ తేదీన ఒక్క దినంలో 2,222 మంది బాప్తిస్మం పొందిన నది అది. ఆరుగురు బోధకులు ఇద్దరు చొప్పున వంతులు వేసుకొని నీళ్లలో నిలబడ్డారు. అంతకుముందు రెండేళ్లు ధాత కరువు. క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలి, కూడు చూపించారు. కరువు సాయం కోసం మతంలోకి వస్తున్నారన్న మాట రాకూడదని ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపివేశారు. ఇవన్నీ ఒడ్డున నిలబడి పిల్లలకు చెప్పాలని ముందురోజే కాగితం మీద రాసుకున్నాము. పాప మాత్రం, “ఇక్కడ రాయి వేస్తే ఎన్నిసార్లు ఎగురుతుంది నాన్నా?” అని అడిగింది. పెంకు రాళ్లు ఏరుకొని గంటన్నర నీళ్ల మీద విసిరాము. వాడిది ఆరుసార్లు ఎగిరింది. మాది మూడు దాటలేదు. ఆ కాగితం జేబులోనే ఉండి తడిసిపోయింది. తిరుగు ప్రయాణంలో వాడే అడిగాడు, “2,222 మంది అంటే మన గుడి ఎన్నిసార్లు నిండుతుంది?” అని. షికారును సండేస్కూలుగా మార్చవద్దని తండ్రులకు మా మనవి. అడిగితే చెప్పండి. అడగకపోతే రాళ్లు విసరండి.

ఇక్కడ ఆడవారి పక్షాన ఒక మాట రాయాలి. నాలుగో రెండో శనివారం వచ్చేసరికి మా ఇంటావిడ, “మీరందరూ వెళ్లి రండి, నేను ఇంట్లో పడుకుంటాను” అన్నది. మాకు అర్థం కాలేదు. ఆలోచిస్తే, ప్రతిసారీ ఆమె తెల్లవారుజామున మూడున్నరకు లేస్తున్నది. పులిహోర, పెరుగన్నం, ఉప్పు మిరపకాయలు, పిల్లలకు పూరీలు, మంచినీళ్ల సీసాలు, దుప్పటి, తువ్వాళ్లు. అక్కడ వడ్డించడం, ఇంటికి వచ్చి గిన్నెలు తోమడం. మాకు షికారు, ఆమెకు ఊరు మారిన వంటిల్లు. యోహాను 21వ అధ్యాయంలో తిబెరియ సముద్రపు ఒడ్డున ఎవరు వంట చేశారు? రాత్రంతా శ్రమపడి వచ్చినవారికి ప్రభువే నిప్పులు రాజేసి, చేప కాల్చి, రొట్టె సిద్ధం చేసి, వచ్చి తినమన్నాడు. మృత్యువును గెలిచి లేచినవాడు! ఆ నిప్పులకు యోహాను వాడిన గ్రీకు పదం కొత్త నిబంధనలో రెండేచోట్ల ఉంది. పేతురు చలి కాచుకుంటూ ఆయనను ఎరుగనని బొంకిన చోట ఒకటి, ఇక్కడ ఒకటి. పేతురుకు ఆ వాసన తెలిసే ఉంటుంది. ఆనాటినుండి మా ఇంట్లో రెండో శనివారం పొయ్యి వెలిగించకూడదు. బస్టాండు దగ్గర బండి మీద ఇడ్లీ, మధ్యాహ్నానికి అరటిపండ్లు, బన్నులు. అంతకంటే కావాలంటే మగవాళ్లే చేయాలి. మేము చేసిన పులిహోర ఒకసారి కాకులు కూడా ముట్టలేదు, అది వేరే సంగతి.

పాస్టరుగారు షికార్లు తిరుగుతున్నారన్న మాట సంఘంలో వచ్చింది. అది పెద్దగా బాధించలేదు. ఒక కూలి మనిషి అడిగిన మాట బాధించింది. “మీకు జీతం వస్తది అయ్యగారూ, మా బోటోళ్లకు షికార్లు యాడివి?” అన్నాడు. బస్సు చార్జీలకే ఒక పూట కూలి పోయేవారికి కుటుంబంతో విహరించండి అని ప్రసంగ పీఠం మీదనుండి చెప్పడం అన్యాయమే. దానికి జవాబు మాకు మా సంఘంలోని ఒక సోదరి దగ్గర దొరికింది. ఆమె పొగాకు కంపెనీలో గ్రేడింగ్ పని చేసేది. భర్త లేడు, ఇద్దరు ఆడపిల్లలు. వారం కూలి చేతికొచ్చిన సాయంత్రం పిల్లలిద్దరినీ రైలు గేటు దగ్గరకు తీసుకువెళ్లేది. ముగ్గురికి కలిపి ఒక వేరుశెనగకాయల పొట్లం. విజయవాడ, చెన్నై లైను కాబట్టి బండ్లకు కొదవ లేదు. ఏ బండి ఎక్కడికి పోతున్నదో పిల్లలు పేర్లు చదివి చెప్పేవారు, ఆమెకు చదువు రాదు. “ఆ పేర్లు వింటా ఉంటే దేశమంతా తిరిగినట్టే ఉంటదయ్యా” అన్నది. ఆ పిల్లల్లో పెద్దమ్మాయి ఇప్పుడు టీచరు. మేము రాసుకున్న ప్రసంగం చింపేసి, ఆమె అనుమతితో ఆ గేటు సంగతి సంఘానికి చెప్పాము.

అన్ని రెండో శనివారాలూ బాగా జరగలేదు. బస్సులో వాంతులు, ఎండదెబ్బ, దారిలో మా ఇద్దరికీ మాటామాటా పెరిగి రెండు గంటలు పలకకపోవడం, అన్నీ ఉన్నాయి. మధ్యలో రెండేళ్లు, మా అమ్మ మంచాన పడినప్పుడు, ఎక్కడికీ కదలలేదు. అమ్మ మంచాన్ని వేపచెట్టు కిందకు జరిపి అందరం అక్కడే అన్నం తిన్న శనివారాలు ఉన్నాయి. పిల్లలు వాటిని కూడా లెక్కలో వేసుకున్నారు.

పాప ఇప్పుడు గుంటూరులో నర్సింగు చదువుతున్నది. అబ్బాయి బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్నాడు, ఇరవై అయిదు దాటాయి. వాడు పాస్టరు కాలేదు, కమ్మని మేము అడగలేదు. ఈ మధ్య రెండో శనివారానికి ముందురోజు రాత్రి బస్సెక్కి చెప్పకుండా వచ్చాడు. తెల్లవారగానే, “అమ్మా, పొయ్యి వెలిగించబాక. కొత్తపట్నం పోదాం” అన్నాడు. స్నేహితుని కారు తెచ్చాడు. వాళ్లమ్మకు మోకాళ్ల నొప్పులు, ఇసుకలో నడవలేదు. పడవ నీడన ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. తరువాత మావైపు చెయ్యి చాచి, “ఫోన్ ఇలా ఇవ్వండి నాన్నా” అన్నాడు. ఇచ్చాము. చొక్కా జేబులో వేసుకొని ఇడ్లీ పొట్లాలు విప్పడం మొదలుపెట్టాడు.

పది గంటలప్పుడు అది మోగింది. వాడు మా ముఖం చూశాడు. మేము సముద్రం చూశాము. మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది. ఈసారి వాళ్లమ్మే ఉండబట్టలేక, “ఎవరో చూడరా, ఎవరికేమైందో ఏమో” అన్నది. వాడు తీసి విని, పెట్టేశాడు.

“లోన్ కావాలా అని అడుగుతున్నారమ్మా” అని చట్నీ పొట్లం అందించాడు.